ఉద్యోగానుభవం: ఏ కోడ్ కింద చూపాలి, ఏ కాగితంతో నిలబెట్టాలి

మిర్యాలగూడలోని ఒక బియ్యం మిల్లులో ఏడేళ్లుగా లెక్కలు చూస్తున్న బీకాం పట్టభద్రుడు, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో మందుల నాణ్యతా పరీక్షలు చేసే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయి, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల కాలువ పనుల్లో ఒక సబ్ కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజినీరుగా ఉన్న యువకుడు: ఈ ముగ్గురి చదువులు వేరు, జీతాలు వేరు, వెళ్లాలనుకుంటున్న దేశాలు కూడా వేరు. కానీ నైపుణ్య వలస దరఖాస్తు నింపడానికి కూర్చున్నప్పుడు ముగ్గురూ ఆగిపోయిన చోటు ఒకటే. వెళ్లే దేశం ఒక్కో వృత్తికి ఇచ్చిన కోడ్‌లలో నా పనిని ఏ కోడ్ కింద చూపాలి, దాన్ని ఏ కాగితంతో నిరూపించాలి?

సెలవులకు నల్గొండ వచ్చినప్పుడల్లా మా ఇంటికి ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని వస్తారు. నేను లైసెన్సున్న సలహాదారును కాను, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోను. నా దరఖాస్తు నేనే వేసుకున్న అనుభవంతోనూ, ఆ తర్వాత చుట్టాల, స్నేహితుల ఫైళ్లు చూసిన అనుభవంతోనూ నాకు బలంగా అనిపించిన మాట ఒకటుంది. చాలామంది ముందు గిరాకీ ఉన్న కోడ్ ఎంచుకుని, తర్వాత దానికి సరిపోయే కాగితం కోసం పరుగెత్తుతారు. ఆ వరుసను తిరగెయ్యాలి. మీరు రోజూ చేసే పనిని ముందు రాసుకోవాలి, ఆ పనికి ఎవరు సంతకం పెట్టగలరో తర్వాత చూసుకోవాలి, కోడ్‌ను ఆ రెండూ కలిసిన చోట వెతుక్కోవాలి.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసింది వాస్తవంగా చేసిన పని. అపాయింట్‌మెంట్ ఆర్డరులో ఉన్న హోదా పేరు దీనికి పెద్దగా పనికిరాదు. మన దగ్గర 'ఎగ్జిక్యూటివ్' అన్న మాట గేటు దగ్గర రిజిస్టరు రాసే ఉద్యోగికీ ఉంటుంది, పదిమందిని నడిపించే అధికారికీ ఉంటుంది. వలస అధికారి ఆ మాటను చూసి కోడ్ ఒప్పుకోడు, కింద రాసిన విధులను చదువుతాడు.

రెండోది, ఆ కోడ్ ఏ స్థాయిలో పడుతుందన్నది. శాశ్వత నివాసానికి నిపుణులను పాయింట్లతో ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో కెనడా 2022 నవంబర్ 16 నుంచి ఎన్‌ఓసీ 2021 అనే వృత్తుల వర్గీకరణను వాడుతోంది. ఇందులో ప్రతి వృత్తికీ ఐదంకెల కోడ్ ఉంటుంది, అందులో రెండో అంకె ఆ వృత్తి 'టీర్' స్థాయిని చెబుతుంది. 0, 1, 2, 3 స్థాయిలు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి పనికొస్తాయి. 4, 5 పనికిరావు. అంటే 3కూ 4కూ మధ్య ఉన్న గీత ప్రాణంతో సమానం. అదే 1కీ 2కూ మధ్య ఉన్న తేడా, విదేశీ అనుభవానికి ఇచ్చే పాయింట్ల విషయంలో, అసలు లెక్కలోకి రాదు. ఈ సంగతి తెలియక ఎంతోమంది అవసరం లేని పై కోడ్ కోసం తాపత్రయపడి చిక్కుల్లో పడుతున్నారు కాబట్టి, దీని మీద కింద మరికొంత వివరంగా రాశాను.

మూడోది, మీకు నిజంగా ఎన్నేళ్ల అనుభవం కావాలన్నది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మనలాంటివారు ఎక్కువగా వెళ్లే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకానికి గత పదేళ్లలో, ఒకే వృత్తిలో, విరామం లేకుండా కనీసం ఏడాది జీతం తీసుకుని చేసిన పని ఉండాలి. వారానికి 30 గంటల చొప్పున అది 1,560 గంటలు. వారానికి 60 గంటలు చేశాను కాబట్టి ఆరు నెలల్లోనే ఏడాది పూర్తయిందంటే కుదరదు, 30 దాటిన గంటలను లెక్కించరు. ఈ పథకపు 100 పాయింట్లలో 67 తెచ్చుకోవాలి. అనుభవానికి ఏడాదికైతే 9, రెండు మూడేళ్లకు 11, నాలుగైదేళ్లకు 13, ఆరేళ్లు దాటితే 15. ఆ గడప దాటాక ర్యాంకు నిర్ణయించే సీఆర్‌ఎస్ లెక్కలో మాత్రం విదేశీ అనుభవం మూడేళ్ల దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లీషు పరీక్షలో కెనడా భాషా కొలమానం సీఎల్‌బీ ప్రకారం 9వ స్థాయి తెచ్చుకున్నవారికి ఒకటి రెండేళ్ల అనుభవానికి 25, మూడేళ్లు ఆపైన ఎంత ఉన్నా 50. కాబట్టి తొమ్మిదేళ్ల కిందట మూతపడ్డ సంస్థలో చేసిన పనికి కాగితం కోసం కాళ్లరిగేలా తిరిగే ముందు, ఆ ఏడాది మీకు ఒక్క పాయింటైనా తెస్తుందా అని చూసుకోండి. తేకపోతే దాన్ని వ్యక్తిగత చరిత్ర విభాగంలో ఉన్నది ఉన్నట్టు రాసి, అనుభవం కింద కోరకుండా వదిలేయవచ్చు. చరిత్రలోంచి మాత్రం తీసేయకూడదు.

గుమస్తానా, బుక్‌కీపరా, అకౌంటెంటా

మిల్లు లెక్కల ఉదాహరణను కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే గీత దాటడం, దాటకపోవడం అనేది ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరో వృత్తిలో కనిపించదు. లెక్కల పనికి కెనడా వర్గీకరణలో మూడు గదులున్నాయి. 11100 ఆర్థిక ఆడిటర్లు, అకౌంటెంట్లు. 12200 అకౌంటింగ్ టెక్నీషియన్లు, బుక్‌కీపర్లు. 14200 అకౌంటింగ్ గుమస్తాలు. మొదటి రెండూ అర్హమైనవి, మూడోది టీర్ 4, అంటే అనర్హం.

మిల్లులో ఆ తమ్ముడు రోజూ ఏం చేస్తాడని అడిగితే మొదట చెప్పింది 'బిల్లులు రాస్తనన్నా' అని. అంతటితో ఆపితే అది 14200. కూర్చోబెట్టి, పొద్దున్నుంచి రాత్రి దాకా వరుసగా చెప్పమన్నాను. ధర్మకాంట చీటీలు తీసుకుని లోడు వారీగా ధాన్యం ఖాతాలో ఎక్కిస్తాడు. గోనె సంచులకు వేరే లెక్క ఉంటుంది. పౌర సరఫరాల శాఖ ఇచ్చిన ధాన్యానికి కస్టం మిల్లింగ్ బియ్యం తిరిగి అప్పగించాలి కాబట్టి, క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోల చొప్పున ఎంత ఇచ్చామో, ఎంత బాకీ ఉన్నామో ప్రతి వారం సరిచూస్తాడు. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటుతో ఖాతాలు సరిపోలుస్తాడు, ట్రయల్ బ్యాలెన్స్ తీస్తాడు, హమాలీల, డ్రైవర్ల, ఆపరేటర్ల జీతాల పట్టీ వేస్తాడు, జీఎస్టీ రిటర్నులకు లెక్కలు సిద్ధం చేసి నల్గొండలోని ఆడిటరుకు పంపుతాడు.

ఖాతాలన్నీ నిర్వహించడం, జర్నల్ నమోదులు, ఖాతాల సరిపోలిక, ట్రయల్ బ్యాలెన్స్, జీతాల లెక్క, పన్ను పత్రాల తయారీ: ఇవన్నీ 12200 ప్రధాన విధుల్లో ఉన్నవే. అయితే ఇదే తమ్ముడిని 11100 కింద చూపించమని హైదరాబాదులో ఎవరో చెప్పారట, 'అకౌంటెంట్' అంటే బరువుగా ఉంటుందని. లెక్కల వ్యవస్థను తానే రూపొందించి నడపడం, ఖాతాలను పరిశీలించి యజమానికి ఆర్థిక విశ్లేషణ, సలహా ఇవ్వడం అనేవి అక్కడి ప్రధాన విధులు. ఆ పని ఆడిటరు చేస్తున్నాడు, ఇతను చేయడం లేదు. పై కోడ్ తీసుకుంటే ఒక్క పాయింటు కూడా ఎక్కువ రాదు, తిరస్కరణకు మాత్రం దారి తెరుచుకుంటుంది.

కెనడా నియమం ఇక్కడ సూటిగా ఉంటుంది: ఎంచుకున్న కోడ్ ప్రారంభ వాక్యంలో చెప్పిన పనిని మీరు చేసి ఉండాలి, ప్రధాన విధుల్లో తప్పనిసరైనవన్నీ, మిగతావాటిలో గణనీయమైన భాగం చేసి ఉండాలి. ఒకటి రెండు కలిస్తే చాలదు, ప్రతి ఒక్కటీ కలవనక్కరలేదు.

కెమిస్టు, టెక్నీషియన్

పోలేపల్లి అమ్మాయి విషయంలో రెండు గదులూ అర్హమైనవే. కెమిస్టులు 21101, రసాయన టెక్నాలజిస్టులు, టెక్నీషియన్లు 22100. మందులోని రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద, రాసి ఉన్న పద్ధతి ప్రకారం బ్యాచ్ నమూనాలను పరీక్షించి ఫలితాలు నమోదు చేయడం ఆమె మొదటి రెండేళ్ల పని. ఇది 22100కు అచ్చంగా సరిపోతుంది. మూడో ఏట నుంచి కొత్త పరీక్షా పద్ధతులను రూపొందించే బృందంలో చేరింది, పద్ధతుల ధృవీకరణ ప్రణాళికలు తానే రాసింది, ఫలితం హద్దు దాటినప్పుడు కారణం వెతికే విచారణలు నడిపింది. ఆ భాగం 21101 వైపు మొగ్గుతుంది.

ఇలాంటప్పుడు కాలాన్ని విడగొట్టడమే మేలని నా అభిప్రాయం. ఒకే సంస్థలో చేసినా, పని మారిన తేదీ నుంచి వేరే పంక్తిగా, వేరే కోడ్‌తో నమోదు చేయవచ్చు. అయితే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అర్హతకు ఆధారమైన ప్రధాన వృత్తిలో విరామం లేని ఏడాది పూర్తయి ఉండాలన్నది మరువకూడదు. ఆమెకు 21101 కింద పధ్నాలుగు నెలలే ఉన్నాయి, 22100 కింద ఇరవై ఆరు నెలలు. ప్రధాన వృత్తిగా 22100 పెట్టుకోమన్నాను. రెండూ కలిపి మూడేళ్లు దాటుతాయి కాబట్టి సీఆర్‌ఎస్‌లో ఆమె పోగొట్టుకునేది ఏమీ లేదు.

2023లో మొదలైన కేటగిరీ వారీ ఎంపికలు ఈ లెక్కను ఒక్క చోట మారుస్తాయి. వైద్య సేవలు, చేతివృత్తులు వంటి కేటగిరీల జాబితాలో మీ కోడ్ ఉందా లేదా అన్నది అక్కడ ముఖ్యమవుతుంది. కానీ ఆ జాబితాలు మారుతూ ఉంటాయి, మీరు చేసిన పని మారదు. నేటి జాబితాను చూసి నిన్న చేసిన పనికి పేరు మార్చడం మొదలుపెడితే, రేపు జాబితా మారినప్పుడు చేతిలో మిగిలేది ఒక అబద్ధపు ఉత్తరం.

సైట్ ఇంజినీరు సంగతి

సివిల్ ఇంజినీరు 21300, సివిల్ ఇంజినీరింగ్ టెక్నాలజిస్టు 22300, నిర్మాణ మేనేజరు 70010. కాలువ కట్ట మీద లెవెల్స్ తీయడం, కాంక్రీటు క్యూబులు పరీక్షకు పంపడం, కొలతల పుస్తకం రాయడం, బిల్లుకు పరిమాణాలు తీయడం ప్రధానమైతే 22300 నిలబడుతుంది. డిజైన్, ప్రణాళిక, పని పద్ధతి, సాంకేతిక నిర్ణయం మీ చేతిలో ఉంటేనే 21300. మేస్త్రీలను, యంత్రాలను పురమాయించినంత మాత్రాన 70010 కాదు. బడ్జెట్, ఒప్పందాలు, మొత్తం ప్రాజెక్టు బాధ్యత అక్కడ ఉండాలి.

కోడ్ కన్నా ఇతనికి పెద్ద చిక్కు జీతం ఇచ్చిన చేయి ఎవరిదన్నది. పని జరిగింది ఒక పెద్ద సంస్థ ప్యాకేజీలో, జీతం ఇచ్చింది సబ్ కాంట్రాక్టరు, నాలుగేళ్లలో పీఎఫ్ పాస్‌బుక్‌లో మూడు వేర్వేరు సంస్థల పేర్లు. పెద్ద సంస్థ పేరుతో ఉత్తరం తెస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. అది తప్పు. ఉత్తరం జీతం ఇచ్చిన సంస్థ నుంచే రావాలి. పాస్‌బుక్, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు, ఉత్తరం నాలుగూ ఒకే పేరు పలకాలి. పేర్లు ఎందుకు మారాయో విడిగా ఒక పేజీ వివరణ జతచేస్తే సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్, నర్సింగ్ వారికి

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు 21231, డెవలపరు 21232 రెండూ టీర్ 1 కాబట్టి వీటి మధ్య మథనపడటం వృథా. రూపకల్పన ఎక్కువా, కోడ్ రాయడం ఎక్కువా అని చూసుకుని ఒకటి తీసుకోండి. టెస్టింగ్ చేసినవారు 22222 తీసుకోవడానికి సిగ్గుపడనవసరం లేదు. నా దరఖాస్తు నేను అదే తరగతి పనితో వేశాను, నా హోదా పత్రంలో 'సాఫ్ట్‌వేర్ ఇంజినీర్' అని ఉన్నా సరే. నర్సింగ్‌లో రిజిస్టర్డ్ నర్సు 31301, ప్రాక్టికల్ నర్సు 32101, నర్సు సహాయకులు 33102 మూడూ అర్హమైనవే, కానీ ఆసుపత్రి ఉత్తరంలో వార్డు, పడకల బాధ్యత, ఇచ్చిన సేవలు వివరంగా ఉండాలి.

ఆస్ట్రేలియా, జర్మనీలు ఎక్కడ వేరు

కెనడాలో మీ కోడ్‌ను మీరే ఎంచుకుంటారు, అధికారి చివర్లో పరిశీలిస్తాడు. ఆస్ట్రేలియాలో దరఖాస్తుకు ముందే మీ వృత్తికి కేటాయించిన సంస్థ నైపుణ్య మదింపు చేస్తుంది. ఐటీ వారికి ఏసీఎస్, ఇంజినీర్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, కెమిస్టుకు వెటసెస్, నర్సులకు ఆన్‌మాక్. తప్పు ముందే బయటపడటం ఒక మేలు. అయితే మదింపులో కొన్నేళ్లు కోసేస్తారు. ఏసీఎస్ మీ డిగ్రీ ఐటీకి దగ్గరగా ఉంటే సాధారణంగా రెండేళ్లు, అంత దగ్గరగా లేకపోతే నాలుగేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ, నైపుణ్యం సంపాదించిన కాలంగా తీసేసి మిగిలినదాన్నే లెక్కిస్తుంది. విదేశీ అనుభవానికి మూడేళ్లకు 5 పాయింట్లు, ఐదేళ్లకు 10, ఎనిమిదేళ్లకు 15. ఐదేళ్ల అనుభవమున్న సీఎస్‌ఈ పట్టభద్రుడికి రెండేళ్లు పోతే మిగిలేవి మూడు, అంటే 5 పాయింట్లే. కెనడాలో నిరూపించనవసరం లేని నాలుగో, ఐదో ఏడాది ఇక్కడ బంగారమవుతుంది.

ఇంజినీర్స్ ఆస్ట్రేలియాకు, మన ప్రాంతపు కళాశాలల పట్టభద్రుల్లో చాలామంది సీడీఆర్ దారిలోనే, అంటే తమ ఇంజినీరింగ్ పనిని నివేదికగా రాసిచ్చే దారిలోనే, వెళ్లవలసి ఉంటుంది. అందులో మూడు వృత్తి కథనాలు, ఒక్కొక్కటి 1000 నుంచి 2500 పదాలు, సొంత మాటల్లో రాయాలి. కాలువ కట్ట కింద నీరు ఊరినప్పుడు మీరు ఏం గమనించారు, ఏం లెక్క వేశారు, ఏం సూచించారు అన్న తీరులో 'నేను' అని రాయాలి. బజారులో దొరికే కథనాలను కొనుక్కున్నవారు నకలు కింద పట్టుబడి నిషేధానికి గురవుతారు.

అక్కడికి వెళ్లి ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 2024 జూన్ 1 నుంచి ఇస్తున్న అవకాశ కార్డులో ఆరు పాయింట్లు కావాలి. చదువుకు సంబంధించిన రంగంలో గత ఐదేళ్లలో రెండేళ్లు పనిచేస్తే 2 పాయింట్లు, గత ఏడేళ్లలో ఐదేళ్లు చేస్తే 3. కోడ్ వెతుకులాట ఇక్కడ తక్కువ, చదువుకూ పనికీ ఉన్న సంబంధం చూపడం ఎక్కువ. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ప్రయోగశాలలో ఉన్న అమ్మాయికి ఇది నల్లేరు మీద బండి నడక. బీకాం చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరినవారికి ఇది కలిసిరాదు.

నిరూపించడానికి ఉన్న దారులు

| దారి | కెనడాలో | ఆస్ట్రేలియా ఏసీఎస్‌లో | ఎవరికి తగినది |
|---|---|---|---|
| విధులన్నీ రాసిన సంస్థ ఉత్తరం | అన్నిటికన్నా బలమైనది | అన్నిటికన్నా బలమైనది | యజమాని లేదా హెచ్‌ఆర్ సహకరించేవారు |
| హెచ్‌ఆర్ సర్వీస్ సర్టిఫికెట్, విడిగా పై అధికారి విధుల ఉత్తరం | వివరణ పత్రంతో పెట్టవచ్చు, అధికారి విచక్షణ మీద ఆధారపడుతుంది | పై అధికారి మాటను ప్రమాణ పత్రంగా ఇప్పించడం మేలు | పెద్ద కంపెనీల్లో ఒకే నమూనా ఉత్తరం ఇచ్చేచోట |
| సహోద్యోగి నోటరీ అఫిడవిట్, జీతం ఆధారాలు | ఒంటరిగా బలహీనం, తోడు ఆధారంగా మాత్రమే | అంగీకరించే పద్ధతి | సంస్థ మూతపడినవారు |
| సొంత వ్యాపారం: రిజిస్ట్రేషన్, ఐటీ రిటర్నులు, ఖాతాదారుల ఉత్తరాలు, చెల్లింపులు | ఫెడరల్ స్కిల్డ్ వర్కర్‌కు చెల్లుతుంది; తన విధులను తానే ప్రకటించుకున్న పత్రం చెల్లదు | ఒప్పందాలు, చెల్లింపు ఆధారాలు కావాలి | చిన్న కాంట్రాక్టర్లు, ట్యాలీ పని విడిగా చేసేవారు |

మొదటి దారి దొరికితే మిగతావాటి వైపు చూడనవసరం లేదు. కెనడా కోరే ఉత్తరం సంస్థ లెటర్‌హెడ్ మీద, చిరునామా, ఫోను, ఈమెయిలుతో, పై అధికారి లేదా హెచ్‌ఆర్ అధికారి పేరు, హోదా, సంతకంతో ఉండాలి. మీరు చేసిన ప్రతి హోదా, దాని మొదటి, చివరి తేదీలు, విధులు, వారానికి పనిగంటలు, వార్షిక జీతం, ఇతర సదుపాయాలు అందులో ఉండాలి. మన ఉత్తరాల్లో ఎక్కువగా తప్పిపోయేది పనిగంటలు. ఆ ఒక్క అంకె లేక వెనక్కి వచ్చిన ఫైలు నేను కళ్లారా చూశాను.

మిల్లు యజమాని మొదట ఇచ్చిన ఉత్తరం మూడు వాక్యాలు. 'ఇతను మా మిల్లునందు పనిచేయుచున్నాడు. నడవడిక సంతృప్తికరము. ఇతని భవిష్యత్తు ఉజ్జ్వలముగా ఉండాలని కోరుచున్నాము.' పెద్దమనిషి మంచి మనసుతోనే రాశాడు, కానీ అందులో అధికారికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. పై పనుల జాబితాను పది పంక్తుల్లో ఇంగ్లీషులో రాసి, మిల్లు చిరునామా, జీఎస్టీ నంబరు ఉన్న లెటర్‌హెడ్ మీద వేయించి, తమ్ముడిని ఆయన దగ్గరికి పంపాము. ఆయన ఒక్కో పంక్తి చదివించుకుని, 'ఆడిటు నువ్వు చేస్తలేవు గద, గది తీసెయ్' అన్నాడట. తీసేశాం. సంతకం పెట్టే మనిషి అలా చదివి కొట్టేసినప్పుడే ఆ ఉత్తరానికి విలువ. రేపు ఫోను వచ్చి అడిగినా అదే చెబుతాడు.

కోడ్ వివరణలోని విధులను మక్కీకి మక్కీ దించుకోవడం మరో పొరపాటు. పదం కూడా మారకుండా ఉన్న ఉత్తరం అధికారికి అనుమానం కలిగిస్తుంది. ధర్మకాంట చీటీ, కస్టం మిల్లింగ్ బాకీ పట్టీ అన్న మాటలు ఉత్తరంలో ఉంటే, అది ఆ మిల్లులో తప్ప మరెక్కడా పుట్టలేని ఉత్తరమని తెలిసిపోతుంది.

రెండో దారి నాకు స్వయంగా తెలిసినది. నేను పనిచేసిన సంస్థలో హెచ్‌ఆర్ వారు తమ నమూనా తప్ప మరొక్క వాక్యం కూడా రాసివ్వలేమన్నారు. అప్పటికే దరఖాస్తు చేసుకోమని కెనడా నుంచి ఆహ్వానం వచ్చి, పూర్తి దరఖాస్తు పెట్టడానికి 60 రోజుల గడువు నడుస్తోంది. మా పాత టీమ్ లీడరు వేరే కంపెనీకి మారిపోయాడు. ఆయనను పట్టుకుని, విధుల ఉత్తరం రాయించి, ఆయన అప్పట్లో నా పై అధికారి అని చూపే ఈమెయిల్ వరుసను జతచేసి, జీతం స్లిప్పులు, ఫారం 16లు, హెచ్‌ఆర్ నిరాకరించిన ఈమెయిలుతో సహా వివరణ పత్రం పెట్టేసరికి నలభై ఒక్క రోజులు గడిచాయి. ఆ రోజులు మరొకరికి రాకూడదని కోరుకుంటాను. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ తెరవకముందే ఉత్తరాలు చేతిలో పెట్టుకోండి. ఉద్యోగం మారేవారు నోటీసు కాలంలోనే, బ్యాడ్జి వెనక్కి ఇవ్వకముందే, విధుల ఉత్తరం అడగండి; వెళ్లిపోయాక అడిగే మాటకు అంత బరువు ఉండదు.

పీఎఫ్ గురించి ఒక మాట. ఇరవై మంది కూడా లేని చిన్న సంస్థల్లో చాలాచోట్ల పీఎఫ్ ఉండదు, జీతం చేతికి ఇస్తారు. పీఎఫ్ లేకపోవడం అనుభవం లేకపోవడం కాదు. ఐటీ రిటర్నులు, బ్యాంకులో వేసుకున్న మొత్తాలు, జీతాల పట్టీ, సంస్థ లేబర్ రిజిస్ట్రేషన్ వంటివి కలిపి చూపవచ్చు. పేరు విషయంలోనూ జాగ్రత్త పడండి: టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనుక, పీఎఫ్‌లో పొడి అక్షరం మాత్రమే ఉండటం మన దగ్గర మామూలు. ఉత్తరంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. తెలుగులో ఉన్న పత్రాలకు అనువాదం కావాలి, కెనడా కోసమైతే దాన్ని మీరు గానీ మీ కుటుంబసభ్యులు గానీ చేయకూడదు.

ఇక అనుభవ పత్రం 'పెట్టిస్తాం' అనేవారి సంగతి. డబ్బు కట్టించుకుని లేని ఉద్యోగానికి ఉత్తరం, జీతం స్లిప్పులు, కొందరైతే పీఎఫ్ జమలు కూడా చూపిస్తామంటారు. పట్టుబడితే కెనడా ఐదేళ్లు, ఆస్ట్రేలియా మూడేళ్లు దరఖాస్తుకు దూరం పెడతాయి. అప్పుచేసి పంపిన తల్లిదండ్రులు ఆ ఐదేళ్లూ వడ్డీ కడతారు. కెనడా దరఖాస్తుకు డబ్బు తీసుకుని ప్రాతినిధ్యం వహించే హక్కు అక్కడి న్యాయవాదులకు, లా సొసైటీ సభ్యులైన పారాలీగల్స్‌కు, క్యూబెక్ నోటరీలకు, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ లైసెన్సు ఉన్నవారికి మాత్రమే ఉంది. ఆ లైసెన్సును కాలేజీ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఎవరు ఏది తీసుకుంటే మేలు

ఉత్తరం బలంగా ఉండి, అనుభవం మూడు నాలుగేళ్లే ఉన్నవారికి కెనడా లెక్క అనుకూలం. ఎనిమిది పదేళ్ల అనుభవం ఉండి, పాత సంస్థలు మూతపడి, సహోద్యోగులు మాత్రం అందుబాటులో ఉన్న ఐటీ వారికి ఏసీఎస్ దారి మేలు, ఎందుకంటే అక్కడ అఫిడవిట్‌కు చోటుంది, ఎక్కువ ఏళ్లకు పాయింట్లూ ఉన్నాయి. చదువు, పని ఒకే గీత మీద ఉన్న యువతకు జర్మనీ కూడా చూడదగినదే. రెండు కోడ్‌ల మధ్య నలిగేవారు, రెండూ అర్హమైనవైతే కాగితం గట్టిగా ఉన్నదాన్ని తీసుకోండి. ఒకటి అర్హం, మరొకటి అనర్హం అయితే, అర్హమైన పని నిజంగా మొదలైన తేదీ నుంచే లెక్క పెట్టుకోండి.

మిల్లు తమ్ముడు అదే చేశాడు. ఏడేళ్లలో మొదటి మూడేళ్లు బిల్లులే రాశాడు కాబట్టి వాటిని చరిత్రలో గుమస్తా పనిగానే రాసుకున్నాడు. తర్వాతి నాలుగేళ్లు 12200. అయితే జీతమంతా చేతికే ఇచ్చారు, ఐటీ రిటర్నులు రెండేళ్లవే ఉన్నాయి. తొందరపడకుండా ఒక ఏడాది ఆగుదామనుకున్నాం. యజమాని ఒప్పుకుని, కిందటి నెల నుంచి ప్రతి ఐదో తారీఖున జీతం బ్యాంకులో వేస్తున్నాడు. పన్నెండు నెలల జమలు, మూడో రిటర్ను చేతికొచ్చాక ఆ ఉత్తరం మీద కొత్త తేదీ వేయించి ప్రొఫైల్ తెరుస్తాడు; ఈలోగా సాయంత్రాలు మిల్లు మూసాక ఐఎల్టీఎస్ పాఠాలు చదువుకుంటున్నాడు.